సవరణ: ఉప్పు జన్యువులను మార్చేయదు

"ఉప్పు ఎక్కువైతే కిడ్నీలో జన్యువులు మారిపోతాయి" అని గత పోస్టులో ఉన్న వాక్యాన్ని ఇలా చదవండి: జన్యువులు మారవు, అవి పనిచేసే జోరు మారుతుంది. డీఎన్‌ఏ అలాగే ఉంటుంది. ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలన్న లెక్క తారుమారవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ వాక్యానికి ఆధారమైన ఫలితాలు మనుషులవి కావు, డాల్ ఎలుకలవి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో లూయిస్ డాల్ 1960ల్లో ఉప్పుకు బీపీ పెరిగే ఎలుకలను, పెరగనివాటిని విడివిడిగా పెంచి రెండు రకాలుగా స్థిరపరిచారు. తర్వాత ఒక రకం కిడ్నీని రెండో రకానికి అమర్చి చూస్తే, బీపీ కిడ్నీ వెంటే వెళ్లింది! ఎంత గొప్ప ప్రయోగమో.

ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు, కిడ్నీ వడపోసిన ద్రవం నుంచి సోడియంను తిరిగి లాక్కునే ఈనాక్ అనే ద్వారాల పని తగ్గాలి. ఉప్పుకు బీపీ పెరిగే రకం ఎలుకల్లో అది తగ్గదు, పైగా పెరుగుతుంది. రోగనిరోధక టీ కణాలు కిడ్నీలో చేరి నష్టాన్ని పెంచుతాయి.

మనుషుల్లో ఉప్పుకు అందరి బీపీ ఒకేలా పెరగదు. ఆ పోస్టు చదివి "మాది జన్యువుల సమస్య, మందులు పనిచేయవు" అనుకుని దయచేసి ఎవరూ బీపీ మాత్రలు ఆపకండి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కలోకి ఆవకాయ, అప్పడాల్లోని ఉప్పు కూడా వస్తుంది.