యాష్‌ఫాల్ గుర్రాలు ఒక్క క్షణంలో మాడిపోలేదు

బూడిదలో పక్కపక్కనే పడి ఉన్న ఖడ్గమృగాలు, గుర్రాల ఎముకల ఫోటో ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. దాని కింద ఇలా ఉంది: "అగ్నిపర్వతం పేలి, లావాలో ఈ జంతువులన్నీ ఒక్క క్షణంలో మాడిపోయాయి. అమెరికాకు గుర్రాలను తెచ్చింది స్పెయిన్ వాళ్లు, కాబట్టి ఇవి అంత పాతవి కావు. టికెట్ల డబ్బుల కోసం ఎముకలను మ్యూజియంకు పంపకుండా మట్టిలోనే వదిలేశారు." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి పంపుతుంటే బాధేస్తోంది.

ఆ చోటు అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని యాష్‌ఫాల్. 1971లో మైక్ వూర్హీస్ అనే శాస్త్రవేత్తకు మొక్కజొన్న చేను పక్కన, వాననీరు కోసిన గండిలో ఖడ్గమృగం పిల్ల పుర్రె కనిపించింది. అక్కడినుంచి మొదలైంది కథ.

అక్కడికి లావా రానేలేదు. పేలిన అగ్నిపర్వతం ఇప్పటి ఐడహోలో, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. సుమారు 1.2 కోట్ల ఏళ్ల కిందట దాని బూడిద గాలికి కొట్టుకొచ్చి గడ్డి మీద పడింది. బూడిద అంటే పొయ్యిలోది కాదు, సన్నటి గాజుపొడి. మేసిన ప్రతిసారీ అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. పలుగురాళ్ల మిల్లుల్లో దుమ్ము పీల్చి ఊపిరాడక బాధపడ్డ కూలీల గురించి విన్నవాళ్లకు ఇది ఎలాంటి చావో అర్థమవుతుంది. ఊపిరితిత్తులు పాడైనప్పుడు ఎముకల మీద పెరిగే గరుకు పొర ఆ జంతువుల ఎముకల మీద ఉంది. అది ఒక్క క్షణంలో పెరిగేది కాదు, వారాలు పడుతుంది.

ఇంకో సాక్ష్యం ఆ జంతువులు చచ్చిపడ్డ నీటిగుంటలోనే ఉంది. అన్నిటికన్నా అడుగున తాబేళ్లు, పక్షులు. వాటిపైన చిన్న జంతువులు, ఆపైన గుర్రాలు, ఒంటెలు. అన్నిటికీ పైన ఖడ్గమృగాలు, కొన్నిటి పక్కనే పిల్లలు. చిన్న ఊపిరితిత్తులున్నవి ముందు పోయాయి, పెద్దవి దాహంతో నీళ్లలో నిలబడి ఆ తర్వాత పోయాయి. నాకు ఈ వరుసను మించిన రుజువు అక్కర్లేదు.

ఇక గుర్రాలు. స్పెయిన్ వాళ్లు తెచ్చిన మాట నిజమే, కానీ అది తిరిగి రావడం. గుర్రాల జాతి పుట్టిందే ఉత్తర అమెరికాలో, సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందట. అక్కడినుంచి కొన్ని ఆసియాకు దాటాయి. అమెరికాలో మిగిలినవి దాదాపు 10,000 ఏళ్ల కిందట అంతరించాయి. యాష్‌ఫాల్‌లో ఐదు రకాల గుర్రాలు దొరికాయి. వాటిలో కాలికి మూడు వేళ్లున్నవీ ఉన్నాయి. స్పెయిన్ ఓడల్లో దిగినవి ఒంటిగిట్ట గుర్రాలు.

మ్యూజియం మాటకొస్తే, మొదట్లో తవ్వినవి మ్యూజియంకు వెళ్లాయి కూడా. మిగతావి 1991లో పార్కు తెరిచాక, పైన షెడ్డు వేసి, పడ్డచోటే ఉంచారు. వాటిని పెకిలిస్తే ఏది కింద, ఏది పైన అన్న వరుసే పోతుంది.

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలోనూ ఇలాంటి బూడిద పొర ఉంది. అది సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చింది. దాని కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఆ బూడిదను మాత్రం మనవాళ్లు తవ్వి అమ్ముకున్నారు.