టోక్యో వీధులు ఎప్పుడు శుభ్రపడ్డాయి?

2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మ్యాచ్ ముగిశాక జపాన్ అభిమానులు నీలం సంచులు పట్టుకుని గ్యాలరీల్లో చెత్త ఏరిన వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దాని కింద పెట్టే మాట కూడా దాదాపు ఒకటే: ‘శుభ్రత వాళ్ల రక్తంలోనే ఉంది, మనకెక్కడ వస్తుంది’. ఇందులో మొదటి సగం చరిత్రకు నిలవదు. రెండో సగం వల్ల జరిగే నష్టం ఇంకా ఎక్కువ. శుభ్రత పుట్టుకతోనే వస్తుందని ఒప్పుకున్నాక మున్సిపాలిటీని నిలదీయడానికి ఏమీ మిగలదు. చెత్త ఎక్కడికి పోతోంది, ఎవరి ఇంటి పక్కన పోస్తున్నారు అని అడిగే అవసరమూ ఉండదు.

1950లు, 60ల నాటి టోక్యోను ఒకసారి చూద్దాం. ఇళ్ల ముందు చెక్కతో చేసిన చెత్తపెట్టెలు, వాటి మీద ఈగలు. సుమిదా నది ఎంత కంపు కొట్టేదంటే, 18వ శతాబ్దం నుంచి పేరున్న అక్కడి బాణసంచా పండుగను 1961 తర్వాత ఆపేశారు. నది కాలుష్యం, పెరిగిన ట్రాఫిక్ రెండూ అందుకు కారణాలే. పండుగ మళ్లీ మొదలైంది 1978లో. 1964 ఒలింపిక్స్‌కు విదేశీయులు వస్తారని ప్రభుత్వం హడావిడిగా ప్రచారం చేపట్టింది. రోడ్డు మీద చెత్త వేయొద్దు, గోడల పక్కన మూత్రం పోయొద్దు అని జనానికి చెప్పాల్సి వచ్చింది. చెక్కపెట్టెల స్థానంలో మూతలున్న ప్లాస్టిక్ బకెట్లు వచ్చాయి. ఇదంతా జపాన్‌లోనే, మన తాతల కాలంలోనే.

వీధుల్లోంచి తీసిన చెత్త టోక్యో అఖాతంలో, కోతో వార్డు తీరాన పోసిన దిబ్బలకు చేరేది. అందులో ఒకదాని పేరు యుమెనోషిమా, అంటే కలల దీవి. సముద్రాన్ని పూడ్చి కట్టిన ఆ దీవిని 1957 నుంచి చెత్త పోయడానికి వాడుకున్నారు. 1965 వేసవిలో అక్కడ పుట్టిన ఈగలు గాలివాటున ఊరి మీదికి వచ్చి పడ్డాయి. దగ్గర్లోని బడి పిల్లలు భోజనం చేయలేకపోయారు. మందులు చల్లినా లొంగకపోవడంతో చివరికి అధికారులు దీవి మీద నూనె పోసి నిప్పంటించారు.

చెత్త మాత్రం ఆగలేదు. నగరం నలుమూలల నుంచి రోజూ వేలాది లారీలు కోతో వార్డు రోడ్ల మీదుగా వెళ్లేవి. మురుగు కారుతూ, వాసన చిమ్ముతూ. మరోవైపు, నగరానికి పడమటి వైపు కాస్త కలిగినవాళ్లుండే సుగినామి వార్డులో చెత్త కాల్చే ప్లాంటు కట్టాలని ప్రభుత్వం అనుకుంటే అక్కడివాళ్లు ససేమిరా అన్నారు. తమ ఇంటి చెత్త పోవాలి, కానీ తమ కంటికి కనిపించకూడదు. కోతో వార్డుకు ఇక ఓపిక నశించింది. 1971లో టోక్యో గవర్నర్ మినోబే ర్యోకిచి అసెంబ్లీలో ‘చెత్త యుద్ధం’ ప్రకటించారు. మరుసటి ఏడాది చివర్లో, మళ్లీ 1973లో, కోతో వార్డు ప్రతినిధులు స్వయంగా రోడ్డెక్కి సుగినామి నుంచి వచ్చిన లారీలను ఆపేసి వెనక్కి పంపారు. సుగినామి వీధుల్లో చెత్త గుట్టలు పడింది. గొడవ కోర్టు దాకా వెళ్లి 1974లో రాజీ కుదిరింది. సుగినామి ప్లాంటు పూర్తయ్యేసరికి 1982 వచ్చింది.

జపాన్ శుభ్రత గురించి మనం చెప్పుకోవాల్సిన అసలు కథ ఇదేనని నా నమ్మకం. మా చెత్తను మేమే చూసుకోవాలి, పక్క వార్డు నెత్తిన రుద్దకూడదన్న సూత్రం ఏ సంస్కార బోధ నుంచో రాలేదు. అన్యాయం భరించిన ఒక వార్డు ఎదురు తిరిగితే వచ్చింది. తర్వాత టోక్యో వార్డుల్లో వరసగా ప్లాంట్లు లేచాయి. రద్దీగా ఉండే ఇకెబుకురో స్టేషన్‌కు దగ్గర్లోనే 210 మీటర్ల పొగగొట్టంతో ఒక ప్లాంటు పనిచేస్తోంది. దాని వేడితో పక్కనే ఈతకొలను నడుస్తుంది. కలల దీవి ఇప్పుడు పార్కు. అక్కడి గాజు ఇంట్లో పెరిగే ఉష్ణమండల మొక్కలకు కావాల్సిన వేడి పక్కనున్న చెత్త ప్లాంటు నుంచే వస్తుంది. టోక్యో 2020 ఒలింపిక్స్ విలువిద్య పోటీలు జరిగింది కూడా అక్కడే.

హైదరాబాద్ చెత్తనంతా మోస్తున్న జవహర్‌నగర్ చుట్టుపక్కల జనానికి కోతో వార్డు బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్లు ధర్నా చేసినప్పుడు దాన్ని ట్రాఫిక్ సమస్యగా చూసే మనం, అలాంటి ధర్నా నుంచే టోక్యో మారిందని తెలుసుకోవాలి.

మరి ఇప్పటి రోజువారీ అలవాట్ల సంగతేమిటి? టోక్యోలో మన తెలుగు ఐటీ కుటుంబాలు ఎక్కువగా ఉండే నిషికసాయి, కోతో వార్డుకు నది అవతలే ఉంటుంది. అక్కడ ఇల్లు తీసుకున్నవాళ్లకు మొదట వచ్చే టెన్షన్ భాష కంటే చెత్తే. వార్డు ఆఫీసు ఇచ్చే క్యాలెండర్ వంటింట్లో అతికించుకోవాలి. కాలే చెత్త ఏ రోజు, సీసాలూ డబ్బాలూ ఏ రోజు, కాలని చెత్త నెలలో ఏ వారం, అన్నీ అందులో ఉంటాయి. ఉదయం 8 గంటల్లోపు సంచిని వీధి మూల చెప్పిన చోట పెట్టి, కాకులు చింపకుండా దాని మీద వల కప్పాలి. నీళ్ల సీసాకు మూత తీసి, చుట్టూ ఉన్న కాగితం ఒలిచి, కడిగి నలపాలి. పాల డబ్బాను కడిగి, కత్తిరించి, ఆరబెట్టాలి. గారెలు వేయించిన నూనెను సింకులో పోయకూడదు. వేడిగా ఉన్నప్పుడే ఒక పొడి కలిపితే అది జున్నులా గడ్డకడుతుంది, దాన్ని తీసి కాలే చెత్తలో వేయాలి. పాత సోఫా వదిలించుకోవాలంటే ముందు ఫోన్ చేసి, కిరాణా కొట్లో స్టిక్కర్ కొని అతికించాలి. తప్పు సంచి పెడితే లారీ తీసుకోదు. ఎందుకు తీసుకోలేదో రాసిన కాగితం అతికించి అక్కడే వదిలేస్తారు. అది ఎవరి సంచో వీధిలో అందరికీ తెలిసిపోతుంది.

ఇందులో నాకు నచ్చేది ఒకటుంది. పద్ధతి పాటించమని చెప్పడంతో వాళ్లు సరిపెట్టలేదు. పాటించడానికి కావాల్సిన ఏర్పాటు చేశారు. క్యాలెండర్ చెప్పిన రోజున లారీ వస్తుంది. ఆ నమ్మకం ఉంటేనే మనిషి చెత్తను వారం పాటు ఇంట్లో దాచుకుంటాడు.

బడుల విషయంలో కూడా మన ఫార్వర్డ్ మెసేజ్‌లు సగమే చెబుతాయి. జపాన్ బడుల్లో పారిశుధ్య సిబ్బందే ఉండరన్నది నిజం కాదు, ఉంటారు. అయినా పిల్లలు రోజూ 15, 20 నిమిషాలు తరగతి గది, మెట్లు, వరండా తుడుస్తారు. చేతులు గుడ్డ మీద ఆనించి, వంగి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడతారు. మధ్యాహ్నం తెల్ల గౌన్లు, టోపీలు వేసుకుని వంతులవారీగా తోటివాళ్లకు భోజనం వడ్డిస్తారు. టీచర్ కూడా అదే తింటారు. డాక్టర్ కొడుకైనా డ్రైవర్ కూతురైనా ఆ గుడ్డ పట్టుకోవాల్సిందే. ఈ పని ఫలానా వాళ్లదే అన్న భావన చిన్నప్పుడే పోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

పోయిన వస్తువులు తిరిగి దొరకడం గురించి ఎంతో చెబుతారు. టోక్యో పోలీసుల దగ్గరికి 2019 ఒక్క ఏడాదే 41 లక్షలకు పైగా వస్తువులు చేరాయి. నిజాయితీ ఉన్న మాట వాస్తవమే, దాని వెనక చట్టం కూడా ఉంది. వస్తువు అప్పగించినవాళ్లకు దాని విలువలో 5 నుంచి 20 శాతం వరకు బహుమానం అడిగే హక్కుంది. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే, ఫోన్లూ గుర్తింపు కార్డుల లాంటివి మినహా, అది దొరికినవాళ్లదే. పైగా అప్పగించడానికి వీధి పోలీసు బూత్ నాలుగడుగుల దూరంలో ఉంటుంది.

ఏర్పాటు పట్టు తప్పితే ఏమవుతుందో టోక్యోలోని రద్దీ ప్రాంతం షిబుయాలో చూడొచ్చు. అక్టోబర్ 31న, వింత వేషాలు వేసుకునే హాలోవీన్ పండుగ రాత్రి అక్కడ గుమిగూడే యువత తెల్లారేసరికి సీసాలు, సంచులు గుట్టలుగా వదిలి వెళ్లేవారు. 2018లో కొందరు ఒక చిన్న ట్రక్కునే తిరగేశారు. 2019 నుంచి అక్కడ హాలోవీన్ రోజుల్లో, 2024 నుంచి ఏడాది పొడవునా, రాత్రిపూట వీధిలో మద్యం తాగడాన్ని నిషేధించారు. అక్కడ చేరిన విదేశీయులను పక్కన పెట్టినా, చెత్త వేసినవాళ్లలో ఎందరో అదే బడుల్లో గుడ్డ పట్టి నేల తుడిచినవాళ్లే. తమను ఎవరూ గుర్తుపట్టని గుంపులో వాళ్లూ అందరిలాగే ప్రవర్తించారు.

వీధి మూల చెత్త సంచుల మీద కప్పే ఆ వలను ఎవరు ఉతుకుతారు, కాకులు చిమ్మిన చెత్త ఎవరు ఊడుస్తారు? చాలా చోట్ల ఇంటింటికీ వంతులుంటాయి, వాటిని చూసేది కాలనీ సంఘాలు. ఇప్పుడు ఆ సంఘాల్లో ముసలివాళ్లే మిగిలారు. సంచి మోసుకుని మూల దాకా నడవలేనివాళ్లు పెరుగుతున్నారు. కొత్తగా వచ్చిన వియత్నాం, నేపాల్ కార్మికులకు క్యాలెండర్ అర్థమయ్యేలా చెప్పే మనిషి ఉండడు. తప్పు సంచి కనిపిస్తే వేళ్లన్నీ ముందు వాళ్ల వైపే చూపిస్తాయి.

దీనికి జపాన్ నగరాలు రెండు రకాలుగా స్పందిస్తున్నాయి. ఫుకుషిమా నగరం 2025 మార్చి నుంచి నిబంధన పాటించని సంచులను విప్పి చూసి, పదేపదే తప్పు చేసేవాళ్ల పేర్లు బయటపెట్టే అధికారం తీసుకుంది. ఇది నాకు మింగుడుపడదు. ఇంటి చెత్తలో మందుల చీటీలుంటాయి, ఉత్తరాలుంటాయి. వాటిని తెరిచి మనిషిని వీధికెక్కించడం శుభ్రతకు మించిన ధర. మరికొన్ని నగరాలు మాత్రం నడవలేని వృద్ధుల గడప దగ్గరికే సిబ్బందిని పంపి చెత్త తీసుకెళ్తున్నాయి. కొన్నిచోట్ల సంచి బయట లేకపోతే తలుపు తట్టి, బాగున్నారా అని కూడా అడుగుతారు. ఈ రెండో దారికి జీతాలు, మనుషులు, బడ్జెట్ కావాలి. పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతున్న దేశంలో అది తేలిక కాదు. అయినా కోతో వార్డు పోరాటం సాధించిన న్యాయానికి కొనసాగింపు ఆ దారిలోనే ఉంది.