వినిమయ సంస్కృతిపై కొత్త చొక్కాలో ప్రసంగం

డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986లో ఆ రోజున వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందుకని ఏటా ఆ రోజు సభలు పెట్టి ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటాం. ఈసారి విజయవాడ గవర్నర్‌పేటలో జరిగిన సభకు నన్నూ పిలిచారు. అంశం కన్స్యూమరిజం. ముందు రోజు సాయంత్రం బీసెంట్ రోడ్డుకు వెళ్లి ఒక తెల్లచొక్కా కొన్నాను. "అవసరం లేనివి కొనకండని చెప్పడానికి కొత్త చొక్కా దేనికండీ?" అని మా ఆవిడ అడిగింది. అలాంటి ప్రశ్నలకు ఉపన్యాసకులు జవాబు చెప్పరు.

బిల్లు దగ్గర కుర్రవాడు ఫోన్ నంబరు అడిగాడు. నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే దుకాణాలకు చెప్పింది. ఆ సంగతి అతనికి చెప్పాను. "సిస్టం తీసుకోదు సార్" అన్నాడు. వెనుక వరసలోని వారు గొంతులు సవరించుకుంటున్నారు. నంబరు ఇచ్చాను. పుట్టినరోజు అడిగాడు, పెళ్లిరోజు అడిగాడు. నా జాతకచక్రం వేయడానికి సరిపడా వివరాలు రాబట్టిన ఆ మహానుభావుడు చొక్కా వెనుక అంచుకు గుచ్చి ఉన్న ప్లాస్టిక్ బిళ్లను మాత్రం తీయలేదు. గేటు దగ్గర యంత్రం కుయ్యిమంది. అయితే అది లోపలికి వచ్చేవారిని చూసి కూడా కుయ్యిమంటోంది. కాపలా మనిషి బిల్లుకు చిల్లు పొడిచి, వెళ్లమన్నట్లు చెయ్యి ఊపాడు.

సభలో ముందుగా అధ్యక్షులవారు మాట్లాడారు. ఆయన దృష్టిలో కన్స్యూమరిజం అంటే కొనుగోలుదారుల హక్కుల ఉద్యమం. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ చట్టసభకు పంపిన సందేశంలోని నాలుగు హక్కులనూ వేళ్ల మీద లెక్కపెట్టి, కన్స్యూమరిజం వర్ధిల్లాలి అన్నారు. చప్పట్లు మోగాయి. తరువాత నేను లేచి, కన్స్యూమరిజం నశించాలి అన్నాను. నేను సిద్ధమై వచ్చింది రెండో అర్థంతో, అంటే ఎడాపెడా కొనిపారేసే వినిమయ సంస్కృతి గురించి. ఆ ఆంగ్లపదంలో రెండూ ఒకే ఒరలో ఇముడుతాయి. సభలో ఇమడలేదు. ముందు వరసలోని పెద్దాయన ఒకరు పక్కవారిని "ఈయన షాపుల వాళ్ల తరఫు మనిషా?" అని అడగడం నాకు వినిపించింది.

సర్దిచెబుదామని వెబ్లెన్‌ను ఎత్తుకున్నాను. నలుగురికీ చూపించుకోవడానికి ఖర్చు పెట్టే తత్వానికి 1899లోనే పేరుపెట్టిన ఆర్థికవేత్త ఆయన. సరిగ్గా అప్పుడే వెనుక నుంచి ఎవరో నా చొక్కా లాగారు.

మన సభల్లో వక్త చొక్కా లాగడానికి ఒకటే అర్థం, ఇక చాలించమని. లాగింది అధ్యక్షులవారు. నాలుగు హక్కులకు నేను అడ్డం తిరిగానని ఆయనకు కోపం వచ్చినట్లుంది అనుకున్నాను. గొంతు పెంచాను. ఆయన మళ్లీ లాగారు. ఒక చేత్తో మైకు స్టాండు పట్టుకుని, ప్రదర్శన కోసం బట్టలు కొనే మనుషులను చీల్చి చెండాడాను. వేదిక మీద గుసగుసలు మొదలయ్యాయి. "శాలువా కప్పేటప్పుడు ఫొటోలో పడుతుంది మాస్టారూ" అని ఎవరో అంటున్నారు. "కదలకండి, మీరు మాట్లాడుతూనే ఉండండి" అని కోశాధికారి గారు నా వెనుక మోకాళ్ల మీద కూర్చున్నారు. చేతిలో మైకుసెట్టు అబ్బాయి దగ్గర తీసుకున్న కటింగ్ ప్లేయరు.

ఆ బిళ్లల సంగతి నాకు తరువాత తెలిసింది. గేటు నుంచి వెలువడే తరంగాలకు లోపలి తీగచుట్ట స్పందిస్తే గంట మోగుతుంది. బిల్లు దగ్గరి అయస్కాంతం మీద పెడితే సూదికి పట్టు వదులుతుంది. కొన్నింటిలో చిన్న గాజుగొట్టాల నిండా సిరా కూడా ఉంటుంది. బలవంతాన లాగితే అవి పగిలిపోతాయి. దొంగకు చొక్కా దక్కినా తొడుక్కునే యోగం దక్కకూడదని ఆ ఏర్పాటు. కోశాధికారి గారు బలవంతానే లాగారు. వీపున చల్లగా తగిలింది. జనం పకపకా నవ్వారు. వెబ్లెన్ మీద నేను వేసిన చతురోక్తి అందిందని మురిసిపోయి ఇంకోసారి చెప్పాను. వెనక్కు తిరిగి చూస్తే కోశాధికారి గారి పంచె మోకాళ్ల దాకా నీలం. శాలువాను మాత్రం అవతలి కుర్చీలోకి జాగ్రత్తగా జరిపారు. నాకు కప్పలేదు.

మర్నాడు చొక్కా పట్టుకుని దుకాణానికి వెళ్లాను. లోపమున్న సరుకును వెనక్కు తీసుకోకపోవడం 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అనీ, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల వరకు అడగవచ్చనీ మేనేజరుకు విడమరచి చెప్పాను. అతను ఓపికగా విన్నాడు. "చొక్కాలో లోపం లేదు సార్, కుట్టు కూడా చెదరలేదు. మీరు మా ట్యాగు పగలగొట్టారు. దాని ఖరీదు కట్టాలి" అన్నాడు.

సరే, కడతాను, దానికి బిల్లు ఇవ్వమన్నాను.

"బిల్లు ఎలా ఇస్తాం సార్? మేము ట్యాగులు అమ్మం కదా!"