సవరణ: ఒక్క చేపతో తేలదు

నార్వే కాడ్ చేపల మీద పోయిన వారం రాసిన దాంట్లో తప్పు దొర్లింది. రెక్క ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి పాన్-1 అనే జన్యువు చూస్తే, ఆ చేప తీరంలోనే ఉండేదో, ఉత్తరాన ఉన్న బేరెంట్స్ సముద్రం నుంచి నార్వే తీరంలోని లోఫోటెన్ దీవుల దగ్గరకు గుడ్లు పెట్టడానికి వచ్చినదో తేలిపోతుందన్నాను. తేలదు. ఆ జన్యువుకు ఎ, బి అని రెండు రూపాలు. తీరపు కాడ్‌లో ఎ ఎక్కువ, వలస కాడ్‌లో బి ఎక్కువ. అంతేగానీ రెండో రూపం అసలు ఉండదని కాదు. అందుకే వలలో పడ్డవాటిలో చాలా చేపలు పరీక్షించి, ఏ మంద వాటా ఎంతో అంచనా కడతారు.

ఏ మందో చెప్పడానికి చెవిరాయిలో, అంటే చేప తలలో చెవి దగ్గర వలయాలుగా పెరిగే చిన్న రాయిలో, తొలి రెండు వలయాల ఆకారం కూడా చూస్తారు. నిన్న కత్తిపీట ముందు కూర్చుని కానాగంత తలలో ఆ రాయి వెతికాను. దొరికింది నూకంత. అమ్మ తిట్లు వేరే.

భావనపాడు మావయ్య "మన కానాగంతలకీ ఈ జన్యువే పనికొస్తాదేటి?" అనడిగాడు. రాదు మావయ్యా. కాడ్‌లో తేడా చూపిన గుర్తు కానాగంతలో చూపాలని లేదు. దాని గుర్తులు దానిలోనే వెతకాలి. పాత పోస్టులో ఆ వాక్యం మార్చేశాను.