జీతం సంగతి వదిలేయండి, ఇంపాక్ట్ చూడండి

లాభం కోసం నడిచేది దుకాణం, పుణ్యం కోసం నడిచేది సత్రం. మన పెద్దలు ఈ రెండు ఖాతాలతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారు. పాపం, వాళ్లకు మాదాపూర్ తెలియదు. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం కలిసొచ్చే మూడో ఖాతా ఇప్పుడు తెరిచారు. దాని పేరు సోషల్ ఎంటర్‌ప్రైజ్. ఇందులో ఉన్న సౌకర్యం ఏమిటంటే, పెట్టుబడి పెట్టినవాడు లాభం ఏదని అడిగితే సేవ చూపించవచ్చు. పనిచేసేవాడు జీతం ఏదని అడిగినా ఆ సేవనే చూపించవచ్చు.

ఇంత గొప్ప వ్యవస్థ గురించి నిర్వచనం తెలుసుకోకుండా మాట్లాడటం మర్యాద కాదు. అందుకని ముందు నిర్వచనాలు చూద్దాం. టీ పక్కన పెట్టుకోండి, కాస్త నిద్ర వస్తుంది.

ఇటలీవాళ్లు సామాజిక సహకార సంఘాలకు 1991లోనే చట్టం చేసుకున్నారు. అందులో ఒక రకం సంఘంలో పనివాళ్లలో కనీసం 30 శాతం మంది, మామూలుగా ఎవరూ ఉద్యోగం ఇవ్వనివాళ్లు ఉండాలి. దివ్యాంగులు, మానసిక చికిత్స పొందినవాళ్లు, మత్తు నుంచి బయటపడుతున్నవాళ్లు, అలాంటివాళ్లన్నమాట. బ్రిటన్ 2005లో ఇలాంటి కంపెనీలకని వేరే రూపం తెచ్చి ఆస్తులకు తాళం వేసింది. రేపు కంపెనీ మూతపడినా ఆస్తి యజమాని జేబులోకి పోదు. మనకు 2013 కంపెనీల చట్టంలో 8వ సెక్షన్ ఉంది. లాభం వస్తే రానివ్వండి, డివిడెండ్ పేరుతో పంచుకోవద్దు అంటుంది.

బంగ్లాదేశ్‌కు చెందిన మొహమ్మద్ యూనస్, 2006లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్నాయన, సోషల్ బిజినెస్‌కు ఏడు సూత్రాలు చెప్పారు. ఆరో సూత్రం ప్రకారం పనిచేసేవాళ్లకు మార్కెట్లో వచ్చే జీతం ఇవ్వాలి, పని పరిస్థితులు మాత్రం మార్కెట్ కన్నా మెరుగ్గా ఉండాలి. ఏడోది, ఇదంతా ఆనందంగా చేయాలి. మన నగరంలో ఏడో సూత్రం బ్రహ్మాండంగా అమలవుతోంది. ఏ ఆఫీసుకు వెళ్లినా గోడ నిండా ఆనందమే. ఆరోది ఇంకా పైలట్ దశలో ఉంది.

అన్నిటికన్నా పక్కా నిర్వచనం స్టాక్ మార్కెట్‌ను అదుపులో పెట్టే మన సెబీది. 2019 బడ్జెట్లో ఇలాంటి సంస్థలు డబ్బు సేకరించుకోవడానికి సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ పెడతామన్నారు, 2022లో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం సంస్థ చేసే పని వాళ్లిచ్చిన జాబితాలో ఉండాలి. ఆ పని వెనకబడిన వర్గాలకో ప్రాంతాలకో చేరాలి. గత మూడేళ్ల సగటు తీస్తే ఆదాయంలోనో, ఖర్చులోనో, లబ్ధిదారుల సంఖ్యలోనో కనీసం 67 శాతం ఈ పనికి చెందాలి. మూడింటిలో ఏదో ఒకటి చాలు. 66 దగ్గర ఆగిపోతే మామూలు వ్యాపారి, ఇంకొక్క శాతం తోస్తే మహాత్ముడు. లాభాపేక్ష లేని సంస్థలు అక్కడ జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ అనే పత్రాలు అమ్ముకోవచ్చు. వడ్డీ రాదు, అసలూ రాదు. బామ్మర్దికి ఇచ్చిన చేబదులు లాంటిదే, కాకపోతే దీనికి డీమ్యాట్ ఖాతా ఉంటుంది.

సెబీ పెట్టిన ఈ మూడు పరీక్షలు ఒకటికి రెండుసార్లు చదివాను. లబ్ధిదారులు ఉన్నారు, ప్రాంతాలు ఉన్నాయి, శాతాలు ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి వచ్చి తాళం తీసి, ఊడ్చి, రోజంతా పనిచేసి వెళ్లే మనిషి మాత్రం ఈ మూడింట్లో ఎక్కడా లేదు. కార్మిక చట్టాలు వేరే ఉన్నాయి కదండీ అంటారు. ఉన్నాయి. 10 మంది ఉంటే ఈఎస్ఐ, 20 మంది ఉంటే పీఎఫ్. అందుకే నాకు తెలిసిన ఒకచోట ఉద్యోగులు తొమ్మిది మందే. మిగతావాళ్లంతా ఫెలోలు, వాలంటీర్లు, అక్కలు. అక్కకు పీఎఫ్ కట్టే తమ్ముడు ఎక్కడైనా ఉంటాడా?

అసలు మహిమ లెక్కల పుస్తకంలో ఉంది. మామూలు కంపెనీలో కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషికి ఇచ్చే డబ్బు ఖర్చు కింద రాస్తారు. ఇక్కడ అదే డబ్బు ఇంపాక్ట్ కింద, అంటే సమాజానికి జరిగిన మేలు కింద రాస్తారు. ఖర్చయితే ఎంత ఇచ్చావని అడుగుతారు. ఇంపాక్ట్ అయితే ఎంతమందికి ఇచ్చావని అడుగుతారు. ఒక మనిషికి ఇల్లు గడిచే జీతం ఇస్తే ఇంపాక్ట్ ఒకటి. అదే పనిని ముగ్గురికి పంచి, ముగ్గురిలో ఎవరి ఇల్లూ గడవకుండా చూస్తే ఇంపాక్ట్ మూడు. ఇంత చిన్న కిటుకు తెలియక గార్మెంట్ ఫ్యాక్టరీలవాళ్లు పాపం ఇంకా దోపిడీదారులనే పేరుతోనే బతుకుతున్నారు.

బోరబండ వైపు ఇలాంటి యూనిట్ ఒకటి చూసే భాగ్యం కలిగింది. గుడ్డ సంచులు కుడతారు. నాతో పాటు ఒక పెద్ద కంపెనీ నుంచి సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత చూసే బృందం వచ్చింది. చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సమాజానికి పెట్టాల్సిన కంపెనీ అది. మార్చి నెల కాబట్టి సమాజం మీద ప్రేమ కాస్త ఎక్కువగానే ఉంది. మేము లోపలికి రాగానే జూకీ కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి. అక్కలు లేచి నిలబడి పాట పాడారు. తర్వాత దీపం వెలిగించడం, బొకేలు, సాధికారత మీద ఒక ప్రసంగం, దానికి ఇంగ్లీషులో ఇంకొకటి. చివర్లో గ్రూప్ ఫోటో. ఫోటోగ్రాఫర్‌కు నవ్వులు సరిపోలేదట, మళ్లీ తీశాడు.

పక్కన నిలబడ్డ ఆవిడను, మేము రావడం మీకు సంతోషమేనా అమ్మా అని అడిగాను. ఇలాంటి ప్రశ్నకు వచ్చే జవాబు నాకు ముందే తెలుసు, రాసుకోవడానికి పెన్ను కూడా తీశాను.

“సంతోషమే సార్. కానీ మాది పీసుకింత అని లెక్క. మీరొచ్చినప్పుడల్లా రెండు గంటలు పోతయి. మొన్న ఫారిన్ వాళ్లొచ్చిన దినమైతే మొత్తమే పోయింది.”

అంటే ఆమె సాధికారతను మేము చూడటానికి అయ్యే ఖర్చు ఆమే పెట్టుకుంటోంది. ఇంత నిస్వార్థమైన దాత సీఎస్ఆర్ చరిత్రలో ఇంకొకరు ఉండరు. అయినా వార్షిక నివేదికలో దాతల పేజీలో ఆమె పేరు లేదు. లబ్ధిదారుల పేజీలో ఉంది.

ఇక చుట్టూ ఉన్న జనానికి జరిగే మేలు. ఒక్కో బస్తీకి ఏడాదికో పైలట్ ప్రాజెక్టు దిగుతుంది. ఒకసారి సోలార్ దీపం, ఒకసారి నీళ్ల ఫిల్టరు, ఒకసారి ఏదో యాప్. గ్రాంటు అయిపోగానే ఫిల్టర్ క్యాండిల్ మార్చేవాడు ఉండడు. కానీ అప్పటికే దాని గురించి గచ్చిబౌలిలో ఒక ప్యానెల్ చర్చ అయిపోయి ఉంటుంది, కాబట్టి నష్టమేమీ లేదు.

నష్టం అంటే ఏమిటో తెలియాలంటే ఈ నగరం 2010 గుర్తు చేసుకోవాలి. కుర్రాళ్లకు గుర్తుండదు, గ్రామాల్లో అడిగితే చెబుతారు. 1990ల చివర్లో స్వయం కృషి సంఘం అనే పేరుతో మొదలైన స్వచ్ఛంద సంస్థ, పేద మహిళలకు చిన్న అప్పులు ఇచ్చేది. తర్వాత అది ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ అయింది, ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ అయింది, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్లో లిస్టయింది. షేర్లకు జనం ఎగబడ్డారు. పేదరికం మీద ఇంత నమ్మకం మార్కెట్‌కు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఆ వాటాల అమ్మకాన్ని పైన చెప్పిన యూనస్ గారే బహిరంగంగా తప్పుపట్టారు. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు ఊళ్ల నుంచి వస్తుంటే, మైక్రోఫైనాన్స్ సంస్థలన్నీ రిజిస్టర్ చేసుకోవాలనీ, బెదిరించి వసూలు చేస్తే శిక్ష అనీ కట్టడి పెట్టింది. అప్పు కట్టలేని ఇంటి ముందు వచ్చి కూర్చున్న ఫీల్డ్ కుర్రాడు కూడా ఏ పల్లెటూరి డిగ్రీ కుర్రాడో అయ్యుంటాడు, వాడికీ టార్గెట్ ఉంటుంది. ఇద్దరు బీదవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి, పైన లిస్టింగ్ గంట కొట్టించడం అంత తేలికైన పని కాదు. మేనేజ్‌మెంట్ విద్యార్థులు శ్రద్ధగా చదవాల్సిన విషయం.

మరి ఈ మూడో ఖాతా అంతా మోసమేనా అంటే, అలా అనడానికి బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి అడ్డం వస్తుంది. 1987 నుంచి ఉన్నవాళ్లు కట్టే ఫీజుతో లేనివాళ్లకు ఉచితంగా వైద్యం చేస్తున్నారు. తెలంగాణ పల్లె ముల్కనూరు కూడా అడ్డం వస్తుంది. అక్కడ 1956లో గ్రామీణ సహకార బ్యాంకు పెట్టుకున్నారు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చాక, 2000లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి పాల ప్యాకెట్ వాళ్లదే. పాలు పోసేదీ వాళ్లే, బోర్డులో కూర్చునేదీ వాళ్లే. వాళ్లకు ఎవరూ సాధికారత ప్రసంగం చేసినట్టు లేదు, చేసినా పాలు పితికే వేళకు లేచి వెళ్లిపోయి ఉంటారు. ఇలాంటి ఉదాహరణలు వ్యంగ్య రచయితలకు చాలా ఇబ్బంది. కానీ వీటిని సోషల్ ఎంటర్‌ప్రైజ్ సదస్సుల్లో పెద్దగా పిలవరు కాబట్టి నా వ్యాసానికి ఢోకా లేదు. యజమానీ లబ్ధిదారూ ఒకే మనిషైతే వేదిక మీద ఎవరు కూర్చుంటారు, ఎవరు పాట పాడతారు?

బోరబండలో కుట్టిన సంచి తర్వాత జూబ్లీహిల్స్‌లోని ఒక షాపులో కనబడింది. పక్కన ధూప్ కడ్డీలు, మట్టి కప్పులు. సంచికి ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద కుట్టినావిడ ఫోటో, కింద ఆమె కథ. భర్త తాగుతాడు, కొడతాడు, పెద్దపిల్ల చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది, మామగారికి పక్షవాతం, చిట్టీ డబ్బులు ఎవరో ఎగ్గొట్టారు. అంతా చక్కటి ఇంగ్లీషులో, రీసైకిల్ చేసిన కాగితం మీద. కుట్టిన మనిషికి చదవడం రాని భాషలో ఆమె కాపురం అంతా కౌంటర్ మీద ఉంది.

నాకు ఒక సలహా తోచి ఆ సంస్థ స్థాపకుడికి ఫోన్ చేశాను. బాగా చదువుకున్న కుర్రాడు, మంచివాడు, పెద్దలంటే గౌరవం. బాబూ, కథ చాలా బాగుంది, కింద ఇంకొక్క లైను కలపండి అన్నాను. ఈ సంచి ధరలో ఆమెకు ముట్టింది ఎంత, పోయిన నెల మొత్తం ఆమె చేతికొచ్చింది ఎంత. రెండు అంకెలు, అంతే. కొనేవాళ్లకు ఇంపాక్ట్ కళ్లకు కట్టినట్టు ఉంటుంది కదా.

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు: “అది కరెక్ట్ కాదండీ. జీతం అనేది వాళ్ల పర్సనల్ విషయం.”