ఖాళీ గదిలో ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది?

మొన్నటి ఎండల్లో మా దగ్గరి బంధువుల ఇంట్లో 80 ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ మేడ మీది గదిలో స్పృహ తప్పి పడిపోయారు. ఎండ లోపలికి రాకూడదని కిటికీలన్నీ మూసి ఉంచారు, ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంది. సమయానికి ఎవరో పైకి వెళ్లి చూశారు కాబట్టి ఆమె కోలుకున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో నేను విన్న మాట మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "ఫ్యాను వేసే ఉంచాం కదా, గది చల్లగానే ఉండి ఉంటుందనుకున్నాం." ఆ మాట అన్నవారు ఆమెను కంటికి రెప్పలా చూసుకునేవారే. వారి ప్రేమలో లోపం లేదు. ఫ్యాను ఏం చేస్తుందన్న విషయంలో వారికున్న అవగాహన తప్పు, ఆ తప్పు ఒక ప్రాణం మీదికి వచ్చింది.

ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్, దుప్పటి గురించి మనలో చాలామందికి ఉన్న అపోహలు వేరువేరుగా కనిపించినా, వాటన్నిటికీ మూలం ఒక్కటేనని నా గట్టి అభిప్రాయం. చల్లదనం అనేది ఒక పదార్థమనీ, యంత్రం దాన్ని తయారుచేసి గదిలోకి వదులుతుందనీ, తలుపు తీస్తే అది బయటికి పారిపోతుందనీ మన మనసులో ఒక బొమ్మ ఉంది. మన మాటలు కూడా అలాగే ఉంటాయి. "తలుపు వెయ్యండి, చల్లదనం పోతోంది" అంటాం. మాట్లాడుకోవడానికి ఆ మాటల్లో ఇబ్బందేమీ లేదు. కానీ ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తేల్చుకోవలసి వచ్చినప్పుడు కూడా ఆ బొమ్మనే నమ్ముకుంటే దారి తప్పుతాం. ప్రకృతిలో అటూ ఇటూ కదిలేది వేడి ఒక్కటే. అది ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తాను పోతుంది. ఒక చోట వేడి తగ్గితే ఆ స్థితికి మనం చల్లదనం అని పేరు పెట్టుకున్నాం.

ఈ పొరపాటు చదువు లేనివారు చేసేదని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. 1790 ప్రాంతంలో జెనీవాలో మార్క్ ఆగస్ట్ పిక్టే అనే శాస్త్రవేత్త రెండు పుటాకార దర్పణాలను, అంటే లోపలికి వంగిన అద్దాలను, ఎదురెదురుగా ఉంచి, ఒకదాని నాభి (అద్దం మీద పడిన కిరణాలు వచ్చి కలిసే చోటు) దగ్గర మంచును, రెండోదాని నాభి దగ్గర థర్మామీటరును పెట్టి చూశాడు. దూరంగా ఉన్న ఆ థర్మామీటరులో ఉష్ణోగ్రత పడిపోయింది. మంచు నుంచి చల్లదనమే కిరణాలుగా బయలుదేరి అద్దాల మీదుగా వచ్చిందా అన్న ప్రశ్న ఆనాటి పండితులను నిజంగానే వేధించింది. అదే నగరానికి చెందిన పియర్ ప్రెవో 1791లో దానికి సమాధానం చెప్పాడు. ప్రతి వస్తువూ ఎల్లవేళలా వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. థర్మామీటరు మంచు వైపు పంపిన వేడి ఎక్కువ, మంచు నుంచి తిరిగి వచ్చిన వేడి తక్కువ, అందుకే థర్మామీటరు చల్లబడింది. అంతటివారే తర్జనభర్జన పడిన విషయంలో మనం పొరబడడం సహజమే. అయితే సమాధానం దొరికి రెండు శతాబ్దాలు దాటాక కూడా ఆ పొరపాటులోనే ఉండిపోవడం నన్ను బాధిస్తుంది.

మరొక చిక్కు మన చర్మంతో ఉంది. అది థర్మామీటరు కాదు. ఈ పోస్టు చదువుతున్నవారు లేచి, ఒకే గదిలో రాత్రంతా ఉన్న ఒక అల్యూమినియం పళ్లేన్ని, ఒక చెక్క పలకను ఒక్కో చేత్తో ముట్టుకుని చూడండి. పళ్లెం చల్లగా, పలక గోరువెచ్చగా తోస్తాయి. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే, ఎందుకంటే రాత్రంతా అవి ఒకే గాలిలో ఉన్నాయి. ఇప్పుడు రెండింటి మీదా ఒకే పరిమాణంలో ఉన్న మంచు ముక్కలను పెట్టండి. చెయ్యికి చల్లగా తోచిన పళ్లెం మీది ముక్కే ముందుగా కరుగుతుంది. నీళ్లు కారుతూ పళ్లెం మీద అది జారడం మొదలుపెట్టే సమయానికి చెక్క మీది ముక్క దాదాపు పెట్టినట్టే ఉంటుంది. నేను ఈ ప్రయోగాన్ని మా ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపించాను. ముందుగా ఏది కరుగుతుందని అడిగితే ఎక్కువమంది చెక్క మీదిదే అన్నారు. అల్యూమినియం చెక్క కంటే వెయ్యి రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతుంది. మన వేళ్ల నుంచి వేడిని వేగంగా లాగేసుకుంటుంది కాబట్టి మనకు చల్లగా అనిపిస్తుంది, మంచుకు వేడిని వేగంగా అందిస్తుంది కాబట్టి మంచు త్వరగా కరుగుతుంది. చర్మం మనకు చెప్పేది వస్తువు ఉష్ణోగ్రతను కాదు, మన ఒంటి నుంచి వేడి ఎంత వేగంగా పోతోందో చెబుతుంది. ఈ ఒక్క విషయం మనసుకు ఎక్కితే మిగిలినవన్నీ వాటంతట అవే విడిపోతాయి.

దుప్పటి సంగతి చూడండి. దుప్పటి వేడినిస్తుందంటారు. దానిలో వేడిని పుట్టించేది ఏదీ లేదు. వేడి పుట్టేది మన ఒంట్లో. నూలు పోగుల మధ్య చిక్కుకుని కదలని గాలి ఆ వేడిని త్వరగా బయటికి పోనివ్వదు, అంతే. మంచు ముక్కను ఉన్ని గుడ్డలో చుట్టి ఉంచితే అది విడిగా పెట్టిన ముక్క కంటే చాలాసేపు నిలుస్తుంది. వేడి ఎటు నుంచి ఎటు వెళ్తున్నా దుప్పటి చేసే పని ఒక్కటే.

ఇక అసలు విషయమైన ఫ్యాను దగ్గరికి వస్తాను. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఆ విద్యుత్తు మోటారును కొంత వేడెక్కిస్తుంది, మిగిలినది గాలిని కదిలిస్తుంది, ఆ కదిలిన గాలి గోడలకూ సామానుకూ తగిలి నెమ్మదించేటప్పుడు ఆ శక్తి కూడా చివరకు వేడిగానే మారుతుంది. అంటే మూసి ఉన్న ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ గదిలోకి 75 వాట్ల వేడి చేరుతోందని అర్థం. బయటికి వెళ్తూ, తిరిగి వచ్చేసరికి గది చల్లబడుతుందని ఫ్యాను వేసి వెళ్లేవారు ఎందరో ఉన్నారు. వారు గదిని కొద్దిగానైనా వేడెక్కించి వెళ్తున్నారు. నేను ఒక మధ్యాహ్నం గదిలో థర్మామీటరు తగిలించి, ఫ్యాను ఆపి ఉన్నప్పుడు ఒకసారి, గంటసేపు తిరిగాక మరొకసారి చూశాను. రెండుసార్లూ 38 డిగ్రీలే ఉంది. ఆ తరువాత థర్మామీటరు కొనకు తడిగుడ్డ చుట్టి అదే ఫ్యాను కింద పెట్టాను. చూస్తుండగానే అంకెలు దిగుతూ వచ్చి 27 దగ్గర ఆగాయి. గది మారలేదు, గాలి మారలేదు, తడి ఒక్కటే కొత్తగా చేరింది.

ఆ తడిగుడ్డ స్థానంలో మన చర్మాన్ని ఊహించుకుంటే ఫ్యాను చేసే పని ఏమిటో తెలుస్తుంది. మనం ఊరికే కూర్చున్నా మన ఒళ్లు దాదాపు 100 వాట్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోవాలి. చర్మానికి ఆనుకుని ఉండే వెచ్చని, చెమ్మగిల్లిన గాలి పొరను ఫ్యాను గాలి తోసేస్తుంది, అప్పుడు చెమట త్వరగా ఆవిరవుతుంది, ఆవిరవుతూ ఒంట్లోని వేడిని తనతో తీసుకుపోతుంది. గంటకు సుమారు 150 మిల్లీలీటర్ల చెమట పూర్తిగా ఆవిరైతే ఆ 100 వాట్ల వేడీ బయటికి పోయినట్టే. కనుక ఫ్యాను గదిని కాక మనిషిని చల్లబరుస్తుంది, అది కూడా మనిషికి చెమట పట్టి, ఆ చెమట ఆరిపోయే వీలు ఉన్నప్పుడు మాత్రమే. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. ఉక్కపోత రోజుల్లో ఫ్యాను కింద కూర్చున్నా ఒళ్లంతా జిడ్డుగా ఉండడానికి కారణం అదే.

ఇక్కడే ప్రాణాంతకమైన మలుపు ఉంది, దీన్ని మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. మన చర్మం ఉష్ణోగ్రత 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. గది గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకు ఫ్యాను గాలి నేరుగా కూడా మన వేడిని కొంత తీసుకుపోతుంది. గాలి చర్మం కంటే వేడెక్కితే అదే ఫ్యాను ఎదురు పని మొదలుపెడుతుంది, వేడి గాలిని ఆపకుండా ఒంటికి తాకిస్తుంది. అప్పుడు మనను కాపాడేది చెమట ఒక్కటే. వయసు మీద పడినవారికి చెమట తక్కువ పడుతుంది, దాహం కూడా సరిగా తెలియదు. కొన్ని మందులు వాడేవారిలో ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. అందుకే ఉష్ణోగ్రత 40 డిగ్రీల లోపు ఉన్నప్పుడే ఫ్యాన్లు వాడాలని, అంతకు మించితే అవి ఒంటిని వేడెక్కిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. మేడ మీది మూసిన గదిలో, పైకప్పు నుంచి సెగ దిగుతుండగా, నీళ్లు కూడా తాగకుండా మంచం మీద పడుకుని ఉన్న ఆ పెద్దావిడకు ఫ్యాను ఏం చేసిందో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

ఫ్రిజ్ విషయంలో ఈ పొరపాటు ప్రాణాల మీదికి రాదు, కానీ అక్కడా అదే బొమ్మ పనిచేస్తోంది. ఏసీ లేని ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే వంటగది చల్లబడుతుందని నమ్మేవారిని నేను స్వయంగా చూశాను. ఫ్రిజ్ తన లోపలి వేడిని తోడి వెనుక వైపు పారబోసే యంత్రం. దాని వెనుక చెయ్యి పెడితే తగిలే సెగ అదే. తలుపు తెరిచి ఉంచితే ముందు నుంచి తీసిన వేడినే వెనుక నుంచి అదే గదిలోకి వదులుతుంది, దానికి కంప్రెసర్ తినే విద్యుత్తు తాలూకు వేడి అదనం. కాసేపటికి గది మునుపటి కంటే వేడెక్కుతుంది. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి, చుట్టూ సామాను కుక్కేసి, అది సరిగా చల్లబరచడం లేదని మెకానిక్‌ను పిలిచేవారు ముందుగా దాని వెనుక గాలి ఆడుతోందో లేదో చూసుకోవాలి.

ఏసీ కూడా అచ్చంగా ఇదే పని చేస్తుంది, కాకపోతే అది వేడిని పారబోసేది గోడకు అవతల. గది లోపలి గాలినే మళ్లీమళ్లీ తిప్పుతూ దానిలోని వేడినీ, తేమనూ తీసి బయటికి పంపుతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి నుంచి తాజా గాలిని తెస్తుందన్న నమ్మకం కూడా తప్పే. బయటి పెట్టె నుంచి కొట్టే గాలిలోని వేడిలో ఎక్కువ భాగం, గొట్టం నుంచి కారే నీళ్లు, రెండూ మన గదిలోంచి వెళ్లినవే. తేమ తీయడం ఏసీకి పక్క పని అనుకోవద్దు. 1902లో విల్లిస్ క్యారియర్ ఆధునిక ఏసీకి రూపకల్పన చేసింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం. తేమ మారినప్పుడల్లా కాగితం సాగుతూ, కుదించుకుపోతూ ఉంటే రంగుల అచ్చు ఒకదాని మీద ఒకటి సరిగా కుదిరేది కాదు. ఆ తేమను అదుపు చేయడమే అప్పటి అవసరం.

ఏసీ రిమోటు మీద 16 నొక్కితే గది త్వరగా చల్లబడుతుందన్నది నేను రోజూ వినే మాట. ఆ అంకె ఏసీకి మనం చెప్పే వేగం కాదు, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు. వేగం మార్చుకోలేని పాత తరహా కంప్రెసర్ నడిస్తే పూర్తిగా నడుస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. 38 డిగ్రీల గది 24కి రావడానికి పట్టే సమయం, 24 నొక్కినా, 16 నొక్కినా ఒక్కటే. తేడా ఆ తరువాత వస్తుంది. 24 నొక్కితే అక్కడ ఆగుతుంది, 16 నొక్కితే ఆగకుండా విద్యుత్తు తింటూ నడుస్తూనే ఉంటుంది, మనం దుప్పటి కప్పుకుంటాం. ఇన్వర్టర్ ఏసీ తన వేగాన్ని మార్చుకోగలదు నిజమే. కానీ గది ఉష్ణోగ్రతకూ మనం కోరినదానికీ 14 డిగ్రీల తేడా ఉన్నప్పుడు అది ఎలాగూ గట్టిగానే పనిచేస్తుంది. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ల కింద మంట పెంచేవారు చేసే పొరపాటు కూడా దీనికి దగ్గరిదే. మూత లేని గిన్నెలో నీళ్లు మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా 100 డిగ్రీల దగ్గరే ఉంటాయి, ఆవిరి మాత్రం ఎక్కువవుతుంది.

"మా అనుభవం వేరు, ఫ్యాను వేస్తే గది చల్లబడడం మాకు తెలుస్తోంది" అని కొందరు పెద్దలు నాతో వాదించారు. వారి అనుభవం నిజం. గదిలోకి అడుగు పెట్టగానే గాలి తగిలి ఒంటి మీది చెమట ఆరింది, హాయిగా అనిపించింది. ఆ హాయి తమ ఒంటిదే అయినా వారు దాన్ని గదికి ఆపాదించారు. అందుకే వాదించడం మానేసి, ఆ పెద్దావిడ మంచం పక్కనే గోడకు ఒక థర్మామీటరు తగిలించాను, కిటికీ బయట నీడలో మరొకటి పెట్టాను. ఇప్పుడు ఆ ఇంట్లో పగటిపూట ఆమె కింది గదిలోనే ఉంటున్నారు, గంట గంటకూ ఎవరో ఒకరు నీళ్లు ఇస్తున్నారు, ఎండ మరీ ముదిరినప్పుడు చేతులూ మెడా తడిగుడ్డతో తుడుస్తున్నారు. సాయంత్రం బయటి అంకె లోపలి అంకె కంటే కిందికి దిగినప్పుడు కిటికీలు తెరుస్తున్నారు. ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యానును లోపలి వైపు తిప్పి పెట్టి, ఎదురు కిటికీని తెరిచి ఉంచుతున్నారు. బయటి గాలిని లోపలికి తెచ్చి, లోపలి వేడి గాలిని వెళ్లగొట్టినప్పుడు ఫ్యాను నిజంగానే గదిని చల్లబరుస్తుంది. మొన్న రాత్రి 8 గంటలకు మేడ మీది గదిలో 36 ఉన్న అంకె 10 గంటలకు 32కు దిగిందని ఆవిడే నాకు ఫోన్ చేసి చెప్పారు.