కీర్తన పోలో, నా స్విఫ్ట్

మా అన్నయ్య కూతురు కీర్తనకి ఇరవై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి ఇప్పుడు విశాఖకి మారుతోంది. దాచుకున్న ఐదు లక్షలతో సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంటానని పోయిన ఆదివారం బెజవాడ ఆటోనగర్‌లో నా మెకానిక్ షెడ్డుకి వచ్చింది. కారు ముందే ఎంచుకుని ఫోన్‌లో ఫొటోలు పెట్టుకుంది. 2015 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, టర్బో పెట్రోలు, ఆటోమేటిక్ గేర్లది, ఎర్రది, తెలంగాణ నంబరు, నాలుగు లక్షల ఎనభై వేలు. నా మనసులో ఉన్నది వేరు. మా వీధి చివర మాస్టారు అమ్మకానికి పెట్టిన 2018 స్విఫ్ట్ పెట్రోలు, మామూలు గేర్లది, నాలుగు లక్షల పదివేలు. గంటన్నర వాదించుకున్నాం. నా మొగ్గు ఎటో దాచను. కానీ అమ్మాయి అన్న మాటలు కొన్ని ఇంకా నన్ను వదల్లేదు. అందుకే వాటినీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

కీర్తన: బాబాయ్, నువ్వు వద్దంటావని తెలిసే వచ్చాను. కానీ ఒక్కమాట విను. నాకు కారంటే ఆఫీసుకీ ఇంటికీ తిరిగే డబ్బా కాదు. శనివారం పొద్దున్నే లేచి భీమిలి బీచ్ రోడ్డు మీద వెళ్లాలి, అరకు ఘాట్ ఎక్కాలి. నడుపుతుంటే ఒళ్లు పులకరించాలి. అలాంటి కారు ఇది.

బాబాయి: నడపడంలో సరదా వద్దని నేనెందుకంటానమ్మా? సరదా లేకపోతే నువ్వు నేర్చుకోవు. విసుగుతో నడిపేవాడు అద్దాలు చూడడు, బండి చప్పుడు వినడు. సరదా ఉండాలి. ఎక్కడ దొరుకుతుందన్నదే మన పేచీ.

కీర్తన: 105 హార్స్‌పవర్‌లో దొరుకుతుంది. స్విఫ్ట్‌కి ఉన్నది 83.

బాబాయి: మోసే బరువు కూడా చెప్పు. 2018లో వచ్చిన కొత్త స్విఫ్ట్ పెట్రోలు 860 కిలోల దగ్గర ఉంటుంది. నీ పోలో 1100 పైచిలుకు. భాగహారం చేసి చూడు, టన్నుకి రెండింటికీ తొంభై అయిదు హార్స్‌పవర్ దగ్గరే తేలుతుంది. పైగా బరువు తక్కువైతే వచ్చే లాభం వేగం ఒక్కటే కాదు. బ్రేకులకి పని తగ్గుతుంది, మలుపులో టైరు మీద భారం తగ్గుతుంది, స్టీరింగు తిప్పగానే ముక్కు తిరుగుతుంది. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక రెండో గేరులో ముప్ఫై అయిదు, నలభై మీద మలుపు తర్వాత మలుపు కోసుకుంటూ పోతుంటే, మూడో గేరు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు దించాలో నీ చెవే చెబుతుంది. ఆ వేగంలో కూడా బండి మొత్తాన్నీ నువ్వే వాడుతున్నావని తెలుస్తుంది. బలమైన బండి నలభైలో నిద్రపోతుంటుంది. దాని సరదా మొదలయ్యేది నూరు దాటాక. నూరు దాటాక మన రోడ్ల మీద ఆవు వస్తుంది, ఎదురు దారిలో బైకు వస్తుంది, గుర్తు పెట్టని స్పీడ్ బ్రేకర్ వస్తుంది. మొదటి కారుకి కావలసింది నలభైలో నవ్వించే గుణం.

కీర్తన: నీ లెక్కలో ఒక అంకె దాచేశావు. టార్క్, అంటే ఇంజను లాగే బలం. పోలోది 175, స్విఫ్ట్‌ది 113. భాగహారం దీనికీ చెయ్యి. ఘాట్‌లో లారీ వెనక ఇరుక్కుని, ఖాళీ దొరగ్గానే దాటాలంటే ఆ టార్కే కావాలి. నలుగురం ఎక్కి ఏసీ వేస్తే నీ స్విఫ్ట్ మొదటి గేరుకి దిగాల్సిందే. ఇక నిద్రపోతుందన్నావు. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో ఉంది కదా, తక్కువ వేగం నుంచే లాగుతుంది బాబాయ్. నువ్వు చెప్పింది పాత పెద్ద కార్ల సంగతి.

బాబాయి: టార్క్ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. నలుగురితో ఏసీ వేసి ఘాట్ ఎక్కితే స్విఫ్ట్ ఆయాసపడుతుంది. కానీ దాటెయ్యగలనన్న ధైర్యం ఇచ్చే బండి కంటే, ఇప్పుడు దాటలేను, ఆగుదాం అనిపించే బండే మొదటి రెండేళ్లూ మంచిది.

కీర్తన: అంటే చేతకాని బండి కొనుక్కుని ఓపిక నేర్చుకోమంటావా?

బాబాయి: చేతకానిది కాదు. హద్దు ఎక్కడుందో ముందే చెప్పేది. ఇంకో సంగతి, నీకు గేర్లు వెయ్యడం వచ్చు. నేనే నేర్పాను. ఆటోమేటిక్ కొంటే ఏడాదిలో ఆ అలవాటు పోతుంది. దిగేటప్పుడు బండిని గేరులో పట్టి ఉంచడం…

కీర్తన: దీనిలోనూ గేరు మన చేత్తో మార్చుకోవచ్చు. లీవరు పక్కకి తోసి పైకీ కిందకీ. ఘాట్ దిగేటప్పుడు రెండులో పెట్టేస్తే ఇంజనే ఆపుతుంది. అది చూడకుండానే మాట్లాడుతున్నావు. అసలు నీ బాధ గేర్ల గురించి కాదు. మా అన్నయ్యకి ఇరవై ఏళ్లకే 200 సీసీ బైకు కొన్నారు. దానికి ఎయిర్‌బ్యాగ్ ఉందా? సీటు బెల్టు ఉందా? ఆరోజు టన్నుకి ఎంత పవరని ఎవరూ భాగహారం చెయ్యలేదు. నేను నా జీతంతో కారు కొంటానంటే మాత్రం హద్దులు, ఓపిక, ఆవులు గుర్తొస్తున్నాయి.

బాబాయి: ఆ బైకు నేను వద్దనే అన్నాను.

కీర్తన: ఎవరితో అన్నావు? పిన్నితో అన్నావు. నాన్నతో అనలేదు.

బాబాయి: మీ నాన్నకి ఎదురు చెప్పలేకపోయాను, నిజమే. అది నా తప్పు. ఏడాది తిరక్కుండా మీ అన్నయ్య కాలు విరగ్గొట్టుకుని మూడు నెలలు మంచంలో ఉంటే, రోజూ పొద్దున్న వెళ్లి కూర్చున్నది అందుకే. కానీ తల్లీ, బానెట్ ఎత్తి ఆయిలు చూడటం నేర్పింది ఎవరికి? స్టెప్నీ మార్చడం ఎవరికి? వాడికి కాదు, నీకు. ఇవాళ నీతో ఇంతసేపు వాదిస్తున్నానంటే నీ మీద నమ్మకం లేక కాదు. నా మాట తూచి చూసే మనిషివని.

కీర్తన: సరే, అది వదిలెయ్. కోపంలో అన్నాను. అయితే తూచమన్నావు కాబట్టి తూస్తాను. కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన దేశంలో అమ్మే కార్లని గుద్ది చూశారు. 2014లో రెండు ఎయిర్‌బ్యాగుల పోలోకి పెద్దవాళ్ల రక్షణలో అయిదింటికి నాలుగు స్టార్లు వచ్చాయి. నువ్వు చెబుతున్న 2018 స్విఫ్ట్‌కి రెండు. 2022లో మళ్లీ గుద్దితే ఒకటే. పైగా జీటీ టీఎస్ఐలో ఈఎస్పీ ఉంది. వాన రోడ్డు మీద బండి జారితే అదే సర్దుతుంది. మాస్టారి స్విఫ్ట్‌లో అది లేదు. బరువు తక్కువైతే బ్రేకులకి పని తగ్గుతుందన్నావు. నేను ఆగినా ఎదుటివాడు ఆగకపోతే? ఆ తక్కువైన బరువు నా ఒంటి మీదే కదా పడేది?

ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేకపోయాను. నా షెడ్డుకి గుద్దుకున్న బళ్లు వస్తాయి. ముందద్దం పక్కన కప్పుని మోసే పిల్లర్ వంగిన బండిని చూస్తే, లోపల కూర్చున్నవాళ్ల గురించి అడగడానికి నోరు రాదు.

బాబాయి: దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. నీ మాటే నిజం. మాస్టారి బండిలో రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి. 2019కి ముందు ఎన్నో కార్లలో అవి కూడా లేవు. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. కానీ బాడీ గట్టిదనంలో పోలోది పైచెయ్యే. కాదంటే అబద్ధం అవుతుంది.

కీర్తన: మరింకేం? పోలో కొందాం.

బాబాయి: ఆగు. ఆ నాలుగు స్టార్లు కొత్త బండికి ఇచ్చినవి. నువ్వు కొనేది పదేళ్లు తిరిగిన బండి. ఈ మధ్యలో దానికేం జరిగిందో ఫొటో చెప్పదు. ఒకసారి గుద్దుకుని, టింకరింగ్ చేయించి, పేలిన ఎయిర్‌బ్యాగు చోట ఖాళీ మూత అతికించి ఉంటే, ఆ స్టార్లు ఎక్కడున్నట్టు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అవన్నీ తుక్కులోకి పోయాయనుకుంటున్నావా? నాలుగు నెలల తర్వాత ఒక కుర్రాడు కొత్తగా కొన్నానని నా దగ్గరికి ఒక బండి తెచ్చాడు. లోపల సెంటు వాసన, సీట్లకి కొత్త కవర్లు, అద్దంలా మెరుస్తోంది. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని మామూలుగా లాగితే బాగానే ఉంది. ఇంకా లాగాను. ఎవరూ లాగని చివరిదాకా లాగాను. ఆఖరి జానెడు బెల్టు మీద గోధుమరంగు గీత, వేలితో రుద్దితే సన్నటి బురద పొడి. తర్వాత కార్పెట్ ఎత్తితే వైర్ల జాయింట్లు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. అమ్మిన కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. ఆ కుర్రాడు అప్పు తెచ్చి కొన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అందుకే బండి పేరు కంటే ముందు ఆ బండిని చూడాలంటాను. మాస్టారి బండి ఐదేళ్లుగా నా చేతిలో సర్వీసవుతోంది. 58 వేల కిలోమీటర్లలో ఏ పార్టు ఎప్పుడు మార్చానో చెప్పగలను. మరి నీ పోలో? మీటరు 42 వేలు చూపిస్తోందన్నావు. ఈ ఫొటో పెద్దది చెయ్యి. బ్రేకు పెడల్ రబ్బరు చూడు, గీతలు అరిగి నున్నగా అయిపోయింది. 42 వేలకి అలా అరగదు. ఇదిగో, టైరు ఫొటో. పక్కన నాలుగంకెలు కనిపిస్తున్నాయా? 1117. అంటే 2017లో పదకొండో వారంలో తయారైన టైరు. పైన గాట్లు ఎన్ని ఉన్నా లోపల రబ్బరు రాయి అయిపోయి ఉంటుంది. వాన రోడ్డు మీద ఈఎస్పీ అయినా ఏబీఎస్ అయినా పనిచేసేది ఆ టైరు పట్టిన మేరకే.

కీర్తన: టైర్లు మారుస్తాను.

బాబాయి: దేనితో? ఐదు లక్షల్లో నాలుగూ ఎనభై బండికే పోయింది. హైదరాబాద్ ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోవాలి, మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. ఇన్సూరెన్స్ నీ పేరు మీదికి పద్నాలుగు రోజుల్లో మార్చమని అర్జీ పెట్టాలి. క్లెయిమ్ చెయ్యనందుకు వాళ్లకిచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, నీకు రాదు, అది పాత యజమానితోనే పోతుంది. ఇవన్నీ అయ్యాక ఆ గేర్‌బాక్సు ఉంది. ఏడు గేర్లు, రెండు క్లచ్చులు, ఆ క్లచ్చులు ఆయిల్లో ఉండవు, పొడిగా తిరుగుతాయి. హైవే మీద హాయిగా ఉంటుంది, నిజంగా గొప్ప బాక్సు. కానీ ఈ బండి హైదరాబాద్ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుగుతూ పదేళ్లు తిరిగింది. అలా జరిగినప్పుడే పొడి క్లచ్ వేడెక్కి అరిగేది. ఆ గేర్లనీ క్లచ్చులనీ నడిపే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటుతుంది. లక్ష లేక బండి మూల పడితే, భీమిలికి దేని మీద వెళతావు? మాస్టారి బండికి నాలుగు లక్షల పదివేలు. మిగిలిన తొంభై వేలల్లో నాలుగు మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, ముందు సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు, రబ్బరు బుష్‌లు. నాలుగు నెలల పెట్రోలూ దానిలోనే వస్తుంది. పాత బండి నడపడానికి హాయిగా ఉండేది ఇంజను వల్లే కాదు, బుష్‌లు కొత్తవైనందువల్ల. అవి మార్చాక స్టీరింగు పట్టుకుంటే తేడా నీకే తెలుస్తుంది.

కీర్తన: డబ్బు లెక్కలో నువ్వే గెలిచావు. పెడల్ రబ్బరు నేను చూడలేదు, ఒప్పుకుంటున్నాను. ఈ ఎర్ర పోలో వద్దు. కానీ బాబాయ్, నువ్వు ఓడించింది ఈ ఒక్క పోలోని. పోలోలన్నిటినీ కాదు. ఒకే చేతి మీద నడిచి, సర్వీసు పుస్తకం ఉండి, గేర్లు మామూలువైన పోలో మన నంబరు మీద దొరికితే?

బాబాయి: దొరికితే నేనే నీతో వచ్చి చూస్తాను. టీఎస్ఐ మామూలు గేర్లతో రావడం 2020లో మొదలైంది. అవి ఐదు లక్షల్లో రావు. అంతకుముందు చిన్న పెట్రోలు పోలో మామూలు గేర్లతో ఉంది. బాడీ అదే, కానీ ఇంజను బద్ధకం. నీ టార్క్ దానిలో ఉండదు.

కీర్తన: అంటే గట్టి బాడీ కావాలంటే సరదా వదులుకోవాలి, సరదా కావాలంటే స్టార్లు వదులుకోవాలి.

బాబాయి: ఐదు లక్షల్లో, ఈ వారంలో అంటే అంతే.

కీర్తన: నాకు నచ్చలేదు ఆ మాట.

బాబాయి: నాకూ నచ్చలేదమ్మా. మాస్టారి బండి కొంటే మూడేళ్లు నడుపు. వెనక కూర్చున్నవాళ్లకీ బెల్టు పెట్టించు, రాత్రిపూట హైవే ఎక్కకు. ఈలోపు డబ్బు కూడబెట్టు, నాలుగు స్టార్ల టర్బో అప్పుడు కొందాం. బాగా చూసుకుంటే స్విఫ్ట్ అమ్మేటప్పుడు ఎక్కువ పోదు.

కీర్తన: నేను నడిపి చూడకుండా కొనను. ఖాళీ రోడ్డు మీద కాదు, కొండ మీద.

బాబాయి: ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డుకి పొద్దున్నే పోదాం, భక్తుల రద్దీ మొదలుకాకముందే.

కీర్తన: మాస్టారికి ఫోన్ చెయ్యి మరి.

బాబాయి: నువ్వే చెయ్యి. కొనేది నువ్వు. రేపు పొద్దున్న ఆరింటికి వస్తున్నామని చెప్పు. మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని మర్చిపోకుండా చెప్పు. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. రాత్రంతా ఆగిన ఇంజను మొదటిసారి తిరిగేటప్పుడు ఏం చప్పుడు చేస్తుందో, సైలెన్సర్‌లోంచి ఏ రంగు పొగ వస్తుందో నువ్వు వెనక నిలబడి చూడాలి. నా చేతి బండే కదా అని నన్ను నమ్మి వదిలెయ్యకు.

కీర్తన: సీటు బెల్టులు నాలుగూ నేనే లాగుతాను. చివరిదాకా.